బురద కళ్ళతో కోనేటి దాకా

ఖాళీ డబ్బాలో మొదటి గుప్పెడు బియ్యం పడినప్పుడు వచ్చే చప్పుడు వేరు. అడుగున రేకు మీద గింజలు గలగలమని చిందుతాయి. ఆ తర్వాత పూట నుంచి ఆ చప్పుడు ఉండదు, బియ్యం మీద బియ్యం మెత్తగా పడతాయి. ఈ ఉదయం ఎసరు పెట్టి, వంటకు తీసిన బియ్యంలోంచి గుప్పెడు డబ్బాలో వేశాను. నిన్ననే దాన్ని ఖాళీ చేసి పంపిన సంగతి మరిచిపోయాను. గింజలు గలగలమనేసరికి చేయి అలాగే ఆగిపోయింది. శ్రీకాకుళంలో మా వంటింట్లో నిలబడి ఉన్నానా, విజయనగరంలో రైలు కూతలు వినబడే ఆ సందులో, సంతోషమ్మగారి వసారాలో ఉన్నానా అన్నది కాసేపు తెలియలేదు.

మా సంఘాల్లో ఆడవాళ్ళకు ఇది పాత అలవాటు. బియ్యం కడగబోయే ముందు దేవుని పేర ఒక గుప్పెడు పక్కన పెడతారు. వారమంతా పోగైనవి ఆదివారం గుడికి పట్టుకెళ్తారు. చాలా చోట్ల అవి పాస్టరుగారి ఇంటికో గుడి పనులకో పోతాయి. అరవైల చివర, నేను ఎరిగిన రోజుల్లో, విజయనగరంలోని ఒక చిన్న సంఘంలో మాత్రం ఆ బియ్యం సంతోషమ్మగారి భుజం మీది సంచిలోకి వెళ్ళేవి. అక్కడి నుంచి రాచపుండు ఉన్న పిల్లల తల్లుల కంచాల్లోకి వెళ్ళేవి. క్యాన్సర్ అన్న మాట అప్పటికి మా పల్లెలకు రాలేదు. రాచపుండు అనేవాళ్ళు, అదీ గొంతు తగ్గించి.

మా వారు ప్రకాశంగారు ఎచ్చెర్ల దగ్గర ఒక పల్లెలో ఉపదేశిగా ఉండేవారు. ఆదివారం వాక్యం చెప్పేవారు, మిగతా రోజుల్లో పిల్లలకు అక్షరాలు చెప్పేవారు. మా రూతుకి అప్పుడు మూడో ఏడు. ఒక సాయంత్రం ఇంటి ప్రార్థనలో నా ఒళ్ళో కూర్చుని లాంతరు వైపు చూస్తుంటే దాని ఎడమ కంటి నల్లగుడ్డు లోపల తెల్లగా ఏదో మెరిసింది. ఇరుగుపొరుగుకి చూపిస్తే, "పిల్లికన్నమ్మా, అదృష్టం. ఈ గుంట రాణీలాగ బతుకుతాది" అన్నారు. నేనూ సంతోషించాను. కొన్ని నెలలకు ఆ కన్ను ఎర్రబడి, పిల్ల నొప్పితో తల నేలకు కొట్టుకోవడం మొదలుపెట్టింది. శ్రీకాకుళంలో డాక్టరుగారు చూసి, ఇక్కడ అయ్యే పని కాదు, విజయనగరం మిషను ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళమన్నారు. ఆమదాలవలసలో రైలెక్కాము.

ఆసుపత్రి వెనక ఒక రేకుల పాక ఉండేది. రోగుల తాలూకు మనుషులు అక్కడే ఇటుకలు పెట్టుకుని వండుకునేవారు. నేను పొయ్యి రాజేసేసరికి పక్కనున్న ఆవిడ మా పాప కంటి కట్టు చూసి, ఏం జబ్బని అడిగింది. చెప్పాను. ఆవిడ ఉడుకుతున్న కుండని చీర కొంగుతో పట్టుకుని అవతలి మూలకు వెళ్ళిపోయింది. ఆమె వెనకే ఇంకొకరు. కాసేపటికి మా పొయ్యి చుట్టూ నేల ఖాళీగా మిగిలింది. మా వారు తల వంచుకుని పుల్లలు ఎగదోస్తున్నారు. అప్పుడు ఒక పొట్టి మనిషి, తెల్లచీర కొంగు నడుముకు దోపుకుని, ఆ ఖాళీ స్థలంలో నడుచుకుంటూ వచ్చి నా బిడ్డ ఎదుట కూర్చుంది.

"ఒలే గుంటా, నీ పేరేటే?"

"రూతు."

"ఏటి తింతావు రూతూ?"

"పకోడీ" అంది నా కూతురు.

"పకోడీయా. దొరసానిగారికి పకోడీ కావాలట. మరి అన్నం ఎవలు తింతారే, నీ మావా?"

ఎన్నో వారాల తర్వాత రూతు నవ్వింది. ఆమె లేచి నాతో, "మూట ఎత్తండమ్మగారూ" అంది.

"పాపకి రాచపుండు అంటున్నారండీ. మీకు తెలుసో లేదో" అన్నాను.

"తెలుసు. అది అంటుకునేదైతే నాకీపాటికి ఒళ్ళంతా ఉండాల. కూడు ఉన్నాది, సాప ఉన్నాది. మిగతాది రేపు సూసుకుందాం."

ఆవిడే సంతోషమ్మగారు. ఆమె భర్త రైల్వేలో గేటుమేన్‌గా చేసి చనిపోయారు. పిల్లలు లేరు. మమ్మల్ని తీసుకెళ్ళిన ఆమె పెంకుటింట్లో ఒక గది, ముందు పొడుగాటి వసారా. ఆసుపత్రికి ఇలాంటి పిల్లలతో వచ్చినవాళ్ళు కులమేదైనా, దేవుడెవరైనా ఆ వసారాలోనే ఉండేవారు. అక్కడ ఒక పద్ధతి ఉండేది. కొత్తగా వచ్చిన కుటుంబానికి మొదటి పూట భోజనం సంతోషమ్మగారు పెట్టరు. అంతకుముందు వచ్చిన తల్లి వండి వడ్డించాలి. మాకు వండినామె పోలమ్మ, సముద్రపొడ్డు నుంచి వచ్చిన జాలరామె. ఆమె కొడుకు నూకరాజుకి దవడ కింద గడ్డ, ముఖం ఒక పక్కకు ఉబ్బిపోయి ఉండేది. చేపల పులుసు నా కంచంలో పోసి, నేను తినకుండా చూస్తూ ఉంటే, "ఏటలాగ సూస్తన్నావు? నీక్కూడా ముల్లు తీసి పెట్టాలేటి? మొదటి దినం నానూ ఇలాగే సూసినాను. తిను" అంది. ఆ పద్ధతి ఎందుకో నాకు అప్పుడే తెలిసింది. నా బాధే తనూ పడుతూ పొయ్యి రాజేసి, ఉప్పు సరిచూసి, ఒకరికి వడ్డించగలిగిన మనిషి నా ఎదురుగా కూర్చుని ఉంది. ఓదార్పు మాటలు నేను ఎన్నో విన్నాను, చెప్పాను కూడా. ఆ పులుసు చేసిన పని అవేవీ చెయ్యలేదు.

నూకరాజు మెడలో వాళ్ళ ఊరి అమ్మవారి తాడు ఉండేది. ఒకనాడు స్నానం చేయించేటప్పుడు అది ఊడిపోతే సంతోషమ్మగారే ముడి వేసి కట్టారు. నాకు ఆశ్చర్యమేసి, "అప్పా, మీరు ఆ తాడు కట్టొచ్చా?" అని అడిగాను. అప్పటికి వసారాలో అందరిలాగా నేనూ ఆమెను అప్ప, అంటే అక్క, అనడం మొదలుపెట్టాను.

"అది ఆడి తల్లి ఏడ్చి కట్టిన తాడే. నాను ప్రభువుకి నాగ్గావలసింది అడుగుతన్నాను, ఆవిడ ఏడుపు ఇప్పడం నా పని కాదు" అన్నారు. రోజూ తెల్లవారకముందే మోకాళ్ళ మీద ఉండే మనిషి. వసారాలో ఉన్న ప్రతి పిల్ల పేరూ ఆ ప్రార్థనలో వినబడేది. నేను అంతకంటే గట్టి విశ్వాసిని ఎరగను.

డాక్టరమ్మ మమ్మల్ని పిలిచినప్పుడు సంతోషమ్మగారు కూడా లోపలికి వచ్చి పక్కన కూర్చున్నారు. డాక్టరమ్మ నెమ్మదిగానే చెప్పారు గాని మాకు చెవులు పని చెయ్యలేదు. బయట వేపచెట్టు కింద నిలబెట్టి సంతోషమ్మగారు మా వారిని అడిగారు. "అయ్యగారూ, ఆవిడేటి సెప్పినాది? మీకర్థమైనాది మీరు సెప్పండి."

"కన్ను తీసేస్తారట."

"తీకపోతే?"

"అది నరం పట్టుకుని తలలోకి పోతుందట."

"పోతే?"

ఆమె తొందరపెట్టలేదు, తన చెంబులో నీళ్ళు ఇచ్చి నిలబడ్డారు. ఆయన తాగి, "పాప మనకు ఉండదు" అన్నారు. "ఆఁ. అదీ" అని ఆమె చెంబు తిరిగి తీసుకున్నారు. అందరు తల్లిదండ్రుల చేతా ఇలాగే చెప్పించేవారట. పిల్లలకు కూడా అబద్ధం చెప్పేవారు కాదు. రూతుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఈ కన్ను పాడైపోయింది, తీసేస్తారు, దాంతో మరి కనబడదు, ఇంకోటి ఉన్నాది అని చెప్పారు. "నొప్పుంటాదా?" అని అది అడిగితే, "ఉంటాది. కొన్నాళ్ళు ఉండి పోతాది. నాను పక్కనుంటాను" అన్నారు.

మంగళవారం ఆపరేషన్ అన్నారు. అప్పటిదాకా కంట్లో చుక్కల మందు వెయ్యమన్నారు. ఆ మందుతో శనివారానికల్లా ఎరుపు తగ్గింది. నొప్పి పోయింది. రూతు వసారాలో నూకరాజు వెంట పరిగెత్తడం మొదలుపెట్టింది. అంతకుముందు ఆదివారం సంఘపెద్ద దానియేలుగారు పాప తల మీద నూనె రాసి, సంఘమంతటి చేత ప్రార్థన చేయించి ఉన్నారు. ఇప్పుడు ఆదివారం రాగానే పాపని చూసి ఆయన చేతులు పైకెత్తారు. మా వారు అందరి ముందు నిలబడ్డారు. "నా బిడ్డ కన్ను ప్రభువు ముట్టాడు" అని సాక్ష్యం చెబుతూ ఏడ్చేశారు. గుడంతా ఆమేన్ అంది. నేనూ అన్నాను. ఏ తల్లి అనకుండా ఉంటుంది?

బయటివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మా సంఘాల్లో సాక్ష్యం అంటే ఊరికే అన్న మాట కాదు. స్వస్థత కలిగిందని సమాజంలో లేచి చెప్పాక మళ్ళీ వైద్యానికి పోతే, దేవుని మీద అబద్ధమాడినట్టు లెక్క. మామూలు విశ్వాసికే అది తలవంపు. ఉపదేశి అయితే ఇక ఏ మొహం పెట్టుకుని వాక్యం చెబుతాడు? ఆ సంగతి తెలిసే దానియేలుగారు, "ఇంక కత్తి అక్కర్లేదు ఉపదేశిగారూ, రేపు బండికి ఇంటికెళ్ళిపోండి" అన్నారు. మా వారు తల ఊపారు. అలా నా బిడ్డ ప్రాణం ఆయన ఆడిన ఒక మాటకు కట్టుబడిపోయింది.

గుడి విడిచాక సంతోషమ్మగారు ఎప్పటిలాగే గుమ్మం పక్కన సంచి తెరిచి ఆడవాళ్ళ దగ్గర గుప్పెడు బియ్యం పోయించుకుంటున్నారు. దానియేలుగారు ఆగారు.

"ఏం సంతోషమ్మా, నీ నోట ఆమేన్ రాలేదు."

"పన్ను కదుల్తన్నాదండి దానియేలుగారూ."

"ప్రార్థన మీద నమ్మకం లేదా నీకు?"

"నేకేటండి, ఉన్నాది. అన్నట్టు మొన్న మీక్కూడా పన్ను నొప్పెట్టినాది. సంఘమంతా ప్రార్థన సేసాం. తగ్గలేదు కాబోలు, ఆసుపత్రికెల్లి పీకించుకున్నారు. ఆ సాక్ష్యం ఎప్పుడు సెప్తారు?"

ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆయన మొహం మాడిపోయింది. "ఈ బియ్యం సంఘానివి. దేవుణ్ణి ఎరగనివాళ్ళకు పులుసులు వండిపెట్టడానికి కావు. వచ్చే వారం నుంచి గుడి కప్పుకి వెళ్తాయి" అన్నారు. ఆమె సంచి మూతి కట్టి భుజానికెత్తుకున్నారు. "ఈ వారానికి ఉన్నాయి కదండి" అని నడిచారు.

చీకటి పడేవేళకు మా వారు మూట కట్టేశారు. పోలమ్మ పొయ్యి దగ్గర కూర్చుని మా వైపు చూడకుండా చూస్తోంది. సంతోషమ్మగారు లాంతరు వెలిగించి తెచ్చారు. "ఎల్లిపోతారు కదా, ఓ ప్రార్థన సేసుకుందారి అయ్యగారూ. దీపం ఇలగ పెట్టండి, పాప ఎదురుగా" అన్నారు. ఆయన పెట్టారు. రూతు వెలుతురు వైపు తిరిగింది. ఎరుపు లేదు, వాపు లేదు. లోపల ఆ తెల్లని మెరుపు మాత్రం మా ఇంట్లో మొదటిసారి చూసిన దానికంటే పెద్దదిగా ఉంది. ఆయన కళ్ళు మూసుకోలేదు, ప్రార్థన మొదలుపెట్టనూ లేదు.

"నేను చెప్పేశాను సంతోషమ్మగారూ" అన్నారు. "అందరి ముందూ చెప్పేశాను. ఇప్పుడు ఏ ముఖంతో..."

ఆమె ఎదురుగా చాప మీద కూర్చున్నారు. "అయ్యగారూ, నాకు సదువు నేదు. ఒకటడుగుతాను, సెప్పండి. ప్రభువు ఆ పుట్టుగుడ్డోడి కళ్ళకి ఏటి రాసాడు?"

"బురద."

"రాయగానే కనబడిపోయినాదా?"

"లేదు. కోనేటికి వెళ్ళి కడుక్కోమన్నాడు."

"మరి ఆడు కళ్ళ నిండా బురదెట్టుకుని అక్కడే నిలబడి సాక్ష్యం సెప్పీసి ఇంటికెల్లిపోయుంటే?"

మా వారు ఆ కథ మీద ఎన్నిసార్లు వాక్యం చెప్పారో నాకు తెలుసు. ఇప్పుడు దాన్ని తొలిసారి విన్నట్టు ఆమె వైపు చూశారు.

"మీరు అబద్ధమేటీ ఆడలేదు" అన్నారామె. "ప్రభువు ముట్టుకున్నాడు, అన్నారు. ముట్టుకున్నాడు కాబట్టే నొప్పి తగ్గినాది, పాప ఇంత అన్నం తిన్నాది. సాక్ష్యం సగమైనాది. మిగతా సగం మంగళారం కడుక్కున్నాక సెబుదురు గాని."

ఆయన భుజాలు కదలడం చూశాను. ఆమె మళ్ళీ అడిగారు. "ఇంకోటి నాకెప్పుడూ అర్థం కాదండి. ఆడు గుడ్డోడు. పైగా కళ్ళ మీద బురద. కోనేరెక్కడో ఊరవతల. ఆడి సెయ్యట్టుకుని ఎవలు తీసుకెల్లినట్టు?"

"రాయలేదండీ" అన్నారు మా వారు.

"రాయలేదు. ఎవలో ఉండే ఉంటారు కదా." లేచి మూట ముడి విప్పుతూ అన్నారు. "పోనీ, మేం తీసుకెల్తాం. ఒసే ఉపదేశమ్మా, ఇలగొచ్చి పాపకి అన్నం కలుపు. పోలీ, ఆ పప్పు ఇలగట్టుకురా."

అంతవరకూ నన్ను అమ్మగారనే పిలిచేవారు. ఆ రోజు నుంచి ఒసే అన్నారు. ఆ పిలుపు కంటే గౌరవం నాకు ఆ తర్వాత ఏ సంఘంలోనూ దొరకలేదు.

మంగళవారం ఆపరేషన్ గది తలుపు దాకా రూతుని ఆమే ఎత్తుకెళ్ళారు. ఇచ్చిన మాట ప్రకారం కట్టు విప్పేదాకా పక్కన ఉన్నారు. తీసిన కన్నుని విశాఖపట్నం పంపి చూపించారు. గడ్డ కంటిలోనే ఉంది, నరం దాటలేదని కబురు వచ్చింది. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే దాటి ఉండేదని డాక్టరమ్మ అన్నారు. ఆదివారం మా వారు మళ్ళీ సంఘం ముందు లేచారు. బురద సంగతీ కోనేటి సంగతీ చెప్పి, "ఇది నా సాక్ష్యంలో మిగతా సగం" అని కూర్చున్నారు. వెంటనే ఎవరూ ఆమేన్ అనలేదు. కాసేపటికి ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు వచ్చింది, అది సంతోషమ్మగారిది కాదు. గుడి విడిచాక ఆమె గుమ్మం పక్కన సంచి తెరుచుకుని నిలబడ్డారు, దానియేలుగారు చూస్తుండగానే. ఎవరు ముందుకొస్తారా అని అందరూ చూస్తుంటే ఆయన భార్యే వచ్చి కొంగులో దాచిన బియ్యం కుమ్మరించింది. "అదేటమ్మా, గుప్పెడు కదా" అంటే, "ఆయనగారి పన్ను తాలూకు కూడా కలిపినాను" అంది. తర్వాత గుడి కప్పు వేరే కానుకలతో వేశారు.

నూకరాజు బతకలేదు. వాడి గడ్డకు అప్పట్లో ఇక్కడ మందు లేదు. ఇక చేసేదేమీ లేదని చెప్పాక సంతోషమ్మగారు వాళ్ళతో పాటు వాళ్ళ ఊరికి వెళ్ళారు, వాడు పోయేదాకా ఉండి వచ్చారు. నేను రూతుని చూపించడానికి మళ్ళీ వచ్చినప్పుడు పోలమ్మ ఆ వసారాలోనే ఉంది. నేను ఆమె కోసం కొన్ని వాక్యాలు మనసులో సిద్ధం చేసుకుని వచ్చాను. ఆమె పక్కన కూర్చుని నోరు తెరవబోతుంటే సంతోషమ్మగారు నా చేతిలో గంజి గిన్నె పెట్టారు. "వాక్యం తరవాత. ముందిది తాగించు" అన్నారు.

ఆ సాయంత్రం నూతి దగ్గర ఆమెను అడిగాను. "అప్పా, నా బిడ్డ ఎందుకు బతికింది, పోలమ్మ బిడ్డ ఎందుకు పోయాడు? ఇద్దరి పేర్లూ మీ ప్రార్థనలో ఉన్నాయి కదా."

ఆమె చేద నూతిలోకి వదిలారు. "నాకు తెలీదే. తెలిసినట్టు సెప్తే ఆడి తల్లి మొహం సూళ్ళేను. పైకెల్లినాక అడగాల్సింది అదొక్కటే ఉన్నాది నాకు" అన్నారు. నీళ్ళు తోడి, "ఇయాళ పలాస నుంచి ఎవలో గుంటడితో దిగినారట. మన నూకరాజు వయసే. పోలి వండుతానంటన్నాది. నువ్వు కూరలు తరుగు" అన్నారు. పోలమ్మ ఆ రాత్రి చేపల పులుసు వండింది. ఆ పలాస తల్లి కంచం ముందు కదలకుండా కూర్చుంటే, "ఏటలాగ సూస్తన్నావు? ముల్లు తీసి పెట్టాలేటి?" అని అడిగింది. ఆమె గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. నేను ఉల్లిపాయల మీద నెపం పెట్టి ఏడ్చాను.

సంతోషమ్మగారు పోయి చాలా ఏళ్ళయింది. ఆ వసారా ఇప్పుడు లేదు. మా వారు బతికినన్నాళ్ళూ ఆ గుడ్డివాని కథ చెప్పినప్పుడల్లా చివర్లో ఒక ప్రశ్న అడిగేవారు, అతని చేయి ఎవరు పట్టుకుని ఉంటారని. జవాబు చెప్పేవారు కాదు. నేను ఒడ్డున నిలబడి కడుక్కున్నవాణ్ణి చూసి దేవుణ్ణి స్తుతించడం చిన్నప్పటి నుంచి నేర్చుకున్నదాన్ని. ఇంకా బురద కళ్ళతో తడుముకుంటూ నడుస్తున్నవాడి పక్కన నడవడం కూడా ఆరాధనేనని నాకు చూపించింది ఆమె. విశాఖలో పిల్లల వార్డు దగ్గర తల్లులకు వండిపెట్టే మా సంఘపు ఆడవాళ్ళకు నెలనెలా బియ్యం పంపుతాను. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్ళూ వెళ్ళి వండాను. కొత్తగా వచ్చిన తల్లిని జబ్బు సంగతి అడగను. పిల్ల ఏం తింటుందని అడుగుతాను.

ఇప్పుడు నా వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు. ఈ ఉదయం డబ్బా ముందు చేయి ఆపి నిలబడి ఉంటే వెనక నుంచి ఎవరో వచ్చి తొంగి చూశారు.

"ఏటమ్మా, రోజురోజుకీ నీ గుప్పెడు ఇలా సన్నబడిపోతన్నాది?" అంది రూతు.

దాని తలలో కూడా తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఎడమ వైపు గాజు కన్ను నా వైపే ఉంది. కుడి కన్ను బియ్యం డబ్బాని చూస్తోంది. నా భుజం మీదుగా చేయి చాపి తన గుప్పెడు నిండా తీసి, డబ్బాలో నా గుప్పెడు మీద పోసింది. ఈసారి చప్పుడు రాలేదు.